ఫైల్‌లో ఎంట్రీలు ఉన్నా పైథాన్ ఫైండాల్‌కి ఎందుకు దొరకడం లేదు?

ఆటమ్ ఫీడ్‌ని (సైట్‌లోని కొత్త పోస్టుల జాబితా ఉండే ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైల్) పైథాన్‌లో ఎక్స్‌ఎమ్‌ఎల్ చదివే ఎలిమెంట్‌ట్రీతో చదువుతుంటే, ఎంట్రీలు కళ్లెదుటే ఉన్నా ఎలిమెంట్లను పేరుతో వెతికే ఫైండాల్ ఖాళీ లిస్ట్ ఇస్తోందని, ఎర్రర్ కూడా రావడం లేదని అడిగారు. నేనూ ఇక్కడే రెండు రోజులు ఇరుక్కుపోయాను, ఆ టెన్షన్ నాకు తెలుసు.

ముందు రూట్ ఎలిమెంట్ ట్యాగ్‌ని ప్రింట్ చేసి చూడండి. ఉత్త ఫీడ్ అని రాదు. కర్లీ బ్రాకెట్లలో ఒక పొడుగాటి వెబ్ చిరునామా, దాని వెనకే ఫీడ్ అన్న మాట వస్తాయి. ఆ రెండూ కలిస్తేనే పూర్తి పేరు. ఈ చిరునామానే నేమ్‌స్పేస్ అంటారు, దాన్ని ఇంటిపేరు అనుకోండి. ఫైల్ మొదట్లో ఎక్స్‌ఎమ్‌ఎల్‌ఎన్‌ఎస్ అని ఒక్కసారి రాస్తే, లోపల ప్రిఫిక్స్ (పేరు ముందు కోలన్‌తో వచ్చే పొట్టి గుర్తు) లేని ఎలిమెంట్లన్నిటికీ అదే ఇంటిపేరు. మీరేమో ఇంటిపేరు లేని ఎంట్రీని అడుగుతున్నారు. అలాంటిది ఫైల్‌లో ఒక్కటీ లేదు, అందుకే ఖాళీ లిస్ట్.

ఫైండాల్‌కి రెండో ఆర్గ్యుమెంట్‌గా ఒక డిక్షనరీ ఇవ్వండి. కీ మీకు నచ్చిన పొట్టి ప్రిఫిక్స్, వాల్యూ ఆ చిరునామా. తర్వాత ప్రిఫిక్స్, కోలన్, ఎంట్రీ అని వరసగా రాసి అడగండి. ప్రిఫిక్స్ మీ ఇష్టం, ఫైల్‌లో ఉన్నదే వాడాలని లేదు. చిరునామా మాత్రం అక్షరం పొల్లుపోకూడదు. హెచ్‌టీటీపీ బదులు హెచ్‌టీటీపీఎస్ అని రాసినా, చివర స్లాష్ ఒకటి ఎక్కువైనా దొరకదు. పార్సర్ (ఫైల్‌ని చదివే ప్రోగ్రామ్) ఆ చిరునామాకి వెళ్లి చూడదు, స్ట్రింగ్‌గానే పోల్చుకుంటుంది. కాబట్టి చేత్తో టైప్ చేయకుండా ఫైల్ నుంచే కాపీ చేసుకోండి.

నేను మొదట ఇలా చేయలేదు. పార్స్ అయ్యాక ప్రతి ట్యాగ్ నుంచి కర్లీ బ్రాకెట్ల భాగాన్ని కోసేశాను. చాలా రోజులు బాగానే నడిచింది. తర్వాత ఫీడ్‌లో ఎంట్రీ టైటిల్‌తో పాటు మీడియా నేమ్‌స్పేస్‌కి చెందిన ఇంకో టైటిల్ కూడా రావడం మొదలైంది. ఇంటిపేర్లు కోసేశాను కదా, రెండూ ఒకటే అయిపోయాయి. ఒకదాని శీర్షిక ఇంకోదాని లింక్‌కి అతుక్కుంది. ఎర్రర్ లేదు, డేటా మాత్రం తప్పు. అందుకే ఆ దారి పట్టొద్దని గట్టిగా చెబుతున్నాను. పైథాన్ 3.8 నుంచి కర్లీ బ్రాకెట్లలో నక్షత్రం గుర్తు పెడితే ఏ నేమ్‌స్పేస్ అయినా దొరుకుతుంది, కానీ అక్కడా ఈ రెండు టైటిళ్లూ కలిసే వస్తాయి. ఫైల్‌ని పైపైన పరిశీలించడానికైతే పర్వాలేదు.

అట్రిబ్యూట్ల సంగతి వేరు. ప్రిఫిక్స్ లేని అట్రిబ్యూట్‌కి డిఫాల్ట్ నేమ్‌స్పేస్ (ఫైల్ మొదట్లో ఎక్స్‌ఎమ్‌ఎల్‌ఎన్‌ఎస్ అని రాసినది) వర్తించదు. లింక్ ఎలిమెంట్‌లోని హెచ్‌రెఫ్‌ని ఉత్త పేరుతోనే అడగాలి.

ఫైల్‌ని మార్చి తిరిగి రాసే పని ఉంటే, రాసేముందు రిజిస్టర్ నేమ్‌స్పేస్ ఫంక్షన్‌కి ఖాళీ ప్రిఫిక్స్, చిరునామా ఇవ్వండి. లేకపోతే ప్రతి ట్యాగ్ ముందూ ఎన్‌ఎస్0 అని చేరుతుంది. ఎక్స్‌ఎమ్‌ఎల్‌గా అది తప్పు కాదు. కానీ నేను ఒక ఎస్‌వీజీ బొమ్మని అలా సేవ్ చేసి హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీలో నేరుగా అతికించినప్పుడు బ్రౌజర్ దాన్ని బొమ్మగా గుర్తించనే లేదు. ఆ ఒక్క లైన్ చేర్చాక కనిపించింది.