ఉత్తర తీరం చూడడానికి, దక్షిణ తీరం దిగడానికి

ఈ నెల వచ్చిన లేఖల్లో అయిదు హవాయిలో డిసెంబరు సెలవుల గురించే. ఓవాహు దీవిలో మా కాపురానికి ఇరవై రెండేళ్లు. హోనలులులో ఒక బడి గ్రంథాలయంలో పని చేస్తున్నాను. ఏటా డిసెంబరులో మా ముందు గదిలో ఎవరో ఒకరి పెట్టె తెరిచే ఉంటుంది. అందుకే ఈ అయిదు లేఖలకూ చూసిందీ చేసిందీ చెబుతున్నాను.

ప్రశ్న: డిసెంబరు 22 నుంచి జనవరి 2 దాకా ఓవాహులో ఉంటాం. అత్తగారు, మామగారు, తొమ్మిదేళ్ల బాబు, అయిదేళ్ల పాప, మేమిద్దరం. నార్త్ షోర్ చాలా అందంగా ఉంటుందనీ, మొదటి రోజే వెళ్లి పిల్లల్ని నీళ్లలో ఆడించమనీ స్నేహితురాలు చెప్పింది. తను జూలైలో వెళ్లి వచ్చింది. మీరేమంటారు?
– ఇద్దరు పిల్లల తల్లి

జవాబు: అమ్మా, మీ స్నేహితురాలు చూసింది నిజమే. జూలైలో నార్త్ షోర్‌లోని వైమేయా బే చెరువులా ఉంటుంది. డిసెంబరులో అదే చోట ఇంటి ఎత్తు అల లేస్తుంది. చలికాలంలో ఉత్తర పసిఫిక్‌లో, అలాస్కా దగ్గరి అల్యూషన్ దీవుల వైపు, పెద్ద తుఫానులు పుడతాయి. వాటి ఊపు వేల కిలోమీటర్లు ఏ అడ్డూ లేకుండా వచ్చి ఈ ఉత్తర తీరానికి తగులుతుంది. తుఫాను ఎక్కడో ఉంటుంది, ఇక్కడ మాత్రం ఎండ కాస్తూ ఆకాశం నిర్మలంగా ఉంటుంది. కొత్తవాళ్లు మోసపోయేది అక్కడే. ఇంకో సంగతి కూడా తెలుసుకోండి. ఇక్కడి పాతకాలపు సర్ఫర్లు అల ఎత్తును వెనక వైపు నుంచి లెక్క వేస్తారు. వాళ్ల నోట 'పది అడుగులు' అని వింటే, ఒడ్డున ఉన్న మనకు ఎదురుగా కనిపించే నీటి గోడ దాదాపు ఇరవై అడుగులు.

మా మొదటి డిసెంబరు చెబుతాను. అప్పటికి మా బాబుకు ఆరేళ్లు. వైమేయాలో నీళ్లకు ఇరవై అడుగులు వెనక్కి, పొడి ఇసుకలోనే నిలబడ్డాం. పది నిమిషాలుగా చిన్న అలలే వస్తున్నాయి. వాడి కాళ్లకు అంటిన ఇసుక తుడుద్దామని సముద్రం వైపు వీపు పెట్టి వంగాను. ఎప్పుడు వచ్చిందో తెలియదు, నీరు నా మోకాళ్లకు తగిలింది. వచ్చిన నీటికన్నా వెనక్కి వెళ్లే నీరు భయంకరం. మడమల కింద ఇసుకను ఎవరో చాప లాగినట్టు లాగేశారు. వాడి చొక్కా కాలరు దొరికింది, అదే పట్టుకున్నాను. ఒక గుండీ తెగి నా అరచేతిలో ఉండిపోయింది. మేం లేచి నిలబడేసరికి తీరరక్షకుడు టవరు దిగి పరుగెత్తుకొని వచ్చేశాడు. కోప్పడలేదు. 'సముద్రానికి వీపు చూపకండి' అన్నాడు, అంతే. ఆ తెల్ల గుండీ ఇప్పటికీ నా కుట్టుపెట్టెలో ఉంది.

అలలు గుంపులుగా వస్తాయి. చాలాసేపు చిన్నవే వచ్చి, ఆ తర్వాత పెద్దవి నాలుగైదు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. కాబట్టి ఏ ఒడ్డుకు వెళ్లినా ముందు ఇరవై నిమిషాలు ఊరికే కూర్చొని చూడండి. ఇసుక ఎంత దాకా తడిసి ఉందో గమనించి, ఆ తడి గీతకు బాగా పైన కుర్చీలు వేయండి.

నార్త్ షోర్ మానేయమని నేను అనను. డిసెంబరులో ఈ దీవి మీద అంతకన్నా గొప్ప దృశ్యం లేదు. సన్‌సెట్ బీచ్‌లో, పైప్‌లైన్ అనే సర్ఫింగ్ చోటు దగ్గర అల విరిగినప్పుడు ఆ చప్పుడు చెవికన్నా ముందు అరికాళ్లకు తెలుస్తుంది. మీ మామగారు జన్మలో మరచిపోరు. అయితే అది చూడడానికి. దిగడానికి దక్షిణ తీరానికి రండి. అలమోవానా పార్కు ముందు పగడపు దిబ్బ అలల జోరును విరిచేస్తుంది. కో ఓలీనాలో రాళ్ల గట్లు కట్టి చేసిన నాలుగు మడుగులు ఉన్నాయి. మీ పాపకు అవి సరిగ్గా సరిపోతాయి. వైకికి బీచ్ కూడా ఈ నెలల్లో నెమ్మదిగానే ఉంటుంది. ఎక్కడికి వెళ్లినా తీరరక్షకుడు ఉన్న చోటే దిగండి, దిగేముందు ఆయన్ని అడగండి. అడిగితే విసుక్కున్న వాళ్లను ఇన్నేళ్లలో నేను చూడలేదు.

ఈ దక్షిణ తీరానికీ ఒక చిక్కు ఉంది. పౌర్ణమి దాటిన ఎనిమిది నుంచి పది రోజులకు ఒళ్లు మండేలా కుట్టే బాక్స్ జెల్లీచేపలు ఒడ్డుకు వస్తాయి. అంటే బహుళ అష్టమి నుంచి దశమి దాకా. మీ అత్తగారు తిథులు చూసేవారైతే ఈ పని ఆవిడకు అప్పగించండి. ఆ రోజుల్లో ఒడ్డున హెచ్చరిక బోర్డులు కూడా పెడతారు.

పగడాల మధ్య చేపలను చూసే హనౌమా బే వెళ్లాలంటే రెండు రోజుల ముందు ఉదయం 7 గంటలకే ఆన్‌లైన్‌లో చోటు పట్టుకోవాలి. సోమ, మంగళవారాలు, క్రిస్మస్ రోజు, జనవరి 1 మూసి ఉంటుంది. హవాయి రాష్ట్రంలో నివాసం లేని పెద్దలకు ఒక్కొక్కరికి 25 డాలర్లు. మీ తేదీల్లో సెలవులు పోగా మిగిలేవి కొన్ని రోజులే, ముందే చూసుకోండి.

ప్రశ్న: అబ్బాయీ కోడలూ మమ్మల్ని క్రిస్మస్ సెలవులకు హవాయి తీసుకువెళుతున్నారు. నాకు డెబ్బై మూడు. మోకాళ్లు సహకరించవు. ఈత రాదు. వాళ్లకు అడ్డు అవుతానేమోనని బెంగగా ఉంది. మా వంటి వారికి అక్కడ ఏముంటుంది?
– ఒక తాతయ్య

జవాబు: అయ్యా, నమస్కారం. మీరు ఏ రోజూ అడ్డు కారు. కాకపోతే ప్రతి రోజూ వాళ్ల వెంట తిరగాలని పెట్టుకోకండి. దిగిన సాయంత్రమే అబ్బాయితో చెప్పండి: 'రెండు రోజులు మీరు తిరగండి, ఒక రోజు మాతో కూర్చోండి' అని. మా మామగారు ఈ మాట అయిదో రోజుకు గాని చెప్పలేకపోయారు. అప్పటికి ఆయన పాదాలు వాచి ఉన్నాయి. ఆయన అడగలేదు సరే, నేనైనా ముందే అడిగి ఉండాల్సింది.

డిసెంబరు చివర ఇక్కడ సూర్యోదయం ఏడు దాటాక, సూర్యాస్తమయం ఆరుకు కాస్త ముందు. మధ్యాహ్నం 27 డిగ్రీలు, తెల్లవారుజామున 20. స్వెట్టరు ఒకటి చాలు. మీరు ఎలాగూ అందరికన్నా ముందు లేస్తారు. వైకికి చివర కపియోలానీ పార్కులో పెద్ద పెద్ద మర్రిచెట్లు ఉన్నాయి, కింద బల్లలు ఉన్నాయి. ఆ వేళ పెద్దవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. ఒకరికొకరు తల ఊపుకుంటారు. మూడో రోజుకు మీకూ ఊపుతారు.

ఒక ఉదయం మకపూ దగ్గర రోడ్డు పక్కనే ఉన్న వ్యూపాయింటుకు తీసుకువెళ్లమనండి. లైట్‌హౌస్ దాకా దారి తారు వేసిందే, కానీ ఎక్కుడు. మీకు వద్దు. అలాస్కా వైపు నుంచి దాదాపు 4,800 కిలోమీటర్లు ఈదుకుంటూ హంప్‌బ్యాక్ తిమింగలాలు ఈ వెచ్చని నీళ్లలో పిల్లల్ని కనడానికి వస్తాయి. జనవరి నుంచి మార్చి దాకా జోరు, డిసెంబరు చివరకే కొన్ని వచ్చేస్తాయి. ఒక బైనాక్యులర్ పట్టుకొని తొందరపడకుండా కూర్చోండి. మొదట కనిపించేది ఒళ్లు కాదు, ఊపిరి. నీళ్ల మీద తెల్లటి ఆవిరి చిమ్మి అలాగే ఒక్క క్షణం నిలబడుతుంది. ఆ తర్వాత నల్లటి వీపు నెమ్మదిగా తిరుగుతుంది. ఓపిక ఉన్నవాళ్లకే అది దక్కుతుంది. పిల్లలు అయిదు నిమిషాల్లో కారెక్కేస్తారు, మీరు చూసి వాళ్లను పిలవండి.

రాత్రి ఒకసారి హోనలులు హాలే, అంటే నగరపాలక భవనం, చూడండి. దాని ముందు 21 అడుగుల శాంటా క్లాజ్ చెప్పులు లేని కాళ్లను నీటి కొలనులో పెట్టుకొని, బొటనవేలూ చిటికెనవేలూ చాచి షాకా అనే ఇక్కడి పలకరింపు సైగ చేస్తూ కూర్చుంటాడు. పక్కనే ఆయన భార్య టూటూ మెలే. టూటూ అంటే ఇక్కడి భాషలో నాయనమ్మ, అమ్మమ్మ. డబ్బు కట్టక్కర్లేదు, మెట్లు ఎక్కక్కర్లేదు. మా ఇంటికి వచ్చిన పెద్దవాళ్లు మళ్లీ చూస్తామని అడిగినవాటిలో ఇది మొదటిది.

ఇంకో రెండు మాటలు. ఇండియా సమయం ఇక్కడికన్నా పదిహేనున్నర గంటలు ముందు. అక్కడ జనవరి 1 మొదలయ్యేటప్పటికి మీకు డిసెంబరు 31 ఉదయం ఎనిమిదిన్నర. కాఫీ తాగుతూనే అందరికీ శుభాకాంక్షలు చెప్పేయవచ్చు. రెండోది, ప్రతి నెల మొదటి పనిదినం ఉదయం 11:45కు దీవి అంతటా సునామీ సైరన్లను పరీక్షిస్తారు. జనవరిలో అది మొదటి తేదీ సెలవు దాటాక వస్తుంది. ఆ మోత విని కంగారుపడకండి. అదే వేరే ఏ వేళ మోగినా మాత్రం ఆలోచించకుండా ఎత్తైన చోటికి వెళ్లాలి.

ప్రశ్న: నాకు పద్నాలుగేళ్లు. మంచు లేకుండా క్రిస్మస్ ఏమిటి? అక్కడ అందరూ 'మెలే కలికిమాక' అంటారట, దానికి అర్థం ఏమిటి?
– తొమ్మిదో తరగతి విద్యార్థిని

జవాబు: తల్లీ, నీ ప్రశ్న నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న. అది 'మెర్రీ క్రిస్మస్' అన్న మాటే! హవాయి భాష రాతలో అచ్చులు అయిదు, హల్లులు ఎనిమిదే. ర లేదు, స లేదు. రెండు హల్లులు పక్కపక్కన రాకూడదు, ఏ మాటా హల్లుతో ఆగకూడదు. ఇక చూడు. ర బదులు ల పలికితే మెర్రీ 'మెలే' అయింది. 'క్రి'ని విడదీస్తే 'కలి'. స్ బదులు 'కి'. తర్వాత 'మా'. చివరి స్ బదులు 'క'. మనం మాత్రం ఏం చేశాం? బస్‌ను బస్సు, కార్‌ను కారు చేసుకోలేదా? మాట చివర అచ్చు లేకపోతే మన నాలుకకూ తోచదు. ఎంత దూరాన ఉన్నా ఈ ఒక్క అలవాటులో ఆ భాషకూ మన భాషకూ చుట్టరికం ఉంది. గ్రంథాలయంలో పిల్లలకు ఈ మాట చెప్పినప్పుడల్లా నాకు కొత్తగానే ఉంటుంది.

మంచు కూడా ఉంది. ఓవాహులో కాదు, హవాయి అన్న పేరే ఉన్న పెద్ద దీవిలో. 4,207 మీటర్ల మౌనా కేయా శిఖరం మీద చలికాలంలో అప్పుడప్పుడు మంచు పడుతుంది. ఆ మంచుకు ఒక దేవత కూడా ఉంది, పేరు పోలియాహు. క్రిస్మస్ చెట్లు మాత్రం చాలావరకు ఓరెగన్, వాషింగ్టన్ రాష్ట్రాల నుంచి ఓడల్లో వస్తాయి. వాటితో పురుగులూ నత్తలూ దీవిలోకి రాకుండా తనిఖీ చేస్తారు. కంటైనరు తలుపు తీసినప్పుడు వేడి రేవులో ఒక్కసారిగా చల్లని అడవి వాసన వస్తుంది.

క్రిస్మస్ ఇక్కడికి రాకముందు నుంచే ఈ దీవులకు ఒక చలికాలపు పండుగ ఉంది, మకహికి. నవంబరు మధ్యలో, పొద్దు వాలాక తూర్పున మకాలీ నక్షత్రాలు లేవడంతో మొదలై సుమారు నాలుగు నెలలు సాగేది. లోనో దేవుడి కాలం అది. యుద్ధం నిషిద్ధం. ఆటలు, కుస్తీలు, రాతి బిళ్లలు దొర్లించే పందాలు. మకాలీ అంటే ఏవో తెలుసా? మన కృత్తికలు. దీవికి వచ్చిన రాత్రి ఒడ్డుకు వెళ్లి తల ఎత్తి వెతుకు.

ప్రశ్న: శాకాహారులం. లూవావు విందుకు వెళ్లవచ్చా?
– ఒక దంపతులు

జవాబు: వెళ్లండి, అడిగి తినండి. గోతిలో కాల్చేది పంది మాంసం. లావులావు పైకి చేమ ఆకులా కనిపిస్తుంది, లోపల మాంసమో చేపో ఉంటుంది. పోయి అంటే ఉడికించిన చేమదుంపను నీళ్లతో మెత్తగా దంచింది, అది మీకు పనికొస్తుంది. కొబ్బరిపాలతో చేసే హౌపియా కూడా. తిరుగు ప్రయాణంలో తాజా మామిడిపళ్లు పెట్టెలో పెట్టుకోకండి, విమానాశ్రయంలో తీసేస్తారు. అనాసపళ్లకు అభ్యంతరం లేదు. సన్‌స్క్రీన్ ఇక్కడికి వచ్చాకే కొనండి. పగడాలకు హాని చేసే ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్నవాటి అమ్మకాన్ని 2021 జనవరి 1 నుంచి ఈ రాష్ట్రం ఆపేసింది.

ప్రశ్న: ఈ ఏప్రిల్‌లో మా అమ్మ పోయింది. నిరుడు ఆవిడే హవాయి వెళదామని అడిగింది. టిక్కెట్లు అప్పుడే కొన్నాం. ఆవిడ లేకుండా పిల్లల్ని తీసుకొని వెళ్లడం తప్పేమో అనిపిస్తోంది.
– ఒక కూతురు

జవాబు: చెల్లీ, వెళ్లు. తప్పు కాదు.

మా నాన్న పోయిన ఏడాది డిసెంబరులో నేను ఇల్లు దాటి వెళ్లలేదు. దీపాలు వెలిగించలేదు. పిల్లలు ఏమీ అనలేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. క్రిస్మస్ మర్నాడు మా పక్కింటి పెద్దావిడ, ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి, తలుపు తట్టి నా చేతిలో ఒక లే పెట్టింది. లే అంటే ఇక్కడి పూలదండ. మన మల్లెను ఇక్కడ పికాకే అంటారు, చలికాలంలో అది అరుదు. ఆవిడ తెచ్చింది మనం లిల్లీపూలు అని పిలిచేవాటితో కట్టింది. 'నీళ్ల దగ్గరికి తీసుకువెళ్లు, దారం మాత్రం సముద్రానికి ఇవ్వకు' అంది. తాబేళ్లు దాన్ని మింగుతాయి, రెక్కలకు చుట్టుకుంటుంది.

పిల్లలతో కలిసి అలమోవానా వెళ్లాను. నీళ్లు పిక్కల దాకా ఉన్న చోట నిలబడ్డాం. ముడి విప్పడం కష్టమైంది, తడి దారం బిగుసుకుపోయింది. మా అమ్మాయి పళ్లతో విప్పింది. దారం ఒక కొస నేను పట్టుకుంటే, పూలను ఒక్కొక్కటిగా వాళ్లు తీసి వదిలారు. వదిలిన ప్రతి పువ్వుకూ తాతయ్య గురించి ఒక మాట చెప్పుకున్నారు. నాకు తెలియనివి కూడా వాళ్ల దగ్గర ఉన్నాయి, ఫోనులో ఆయన పాడిన పాట, వాళ్లకు ఒట్టు పెట్టించుకొని చెప్పిన రహస్యం. ఇంటికి వెళ్లాక ఆ రాత్రే దీపాలు వెలిగించాం.

హోనలులు చైనాటౌన్‌లో మౌనాకేయా వీధిలో లే కట్టేవాళ్ల దుకాణాలు వరుసగా ఉంటాయి. మీ అమ్మగారికి ఏ రంగు ఇష్టమో అది పిల్లల్నే ఎంచనివ్వు. పొద్దున్నే వెళ్లండి, నీళ్లు నెమ్మదిగా ఉంటాయి. దారం పెట్టుకోవడానికి జేబు ఉన్న బట్టలు వేసుకో.