రాక్ మార్చే ముందు స్టీరింగ్ ఆయిల్ మార్చి చూడండి

అన్నా, మీ పాత ఇన్నోవా పొద్దున స్టార్ట్ చెయ్యంగనే కూతపెడుతున్నదని, పార్కింగ్‌లో స్టీరింగ్ గట్టిగా తిరుగుతున్నదని, మెకానిక్ ఏకంగా రాక్ (స్టీరింగ్ తిప్పితే ముందు టైర్లను పక్కకు తిప్పే భాగం) మార్చాలె అంటున్నడని రాసిన్రు. దానికంటే ముందు ఆయిల్ ఇంటి దగ్గర మార్చుకోవచ్చా అని అడిగిన్రు. మార్చుకోవచ్చు. మా ఇంట్లో కూడా ఇన్నోవానే. కాజీపేటలో మా వాకిట్లోనే, బామ్మర్దిని స్టీరింగ్ ముందు కూసోబెట్టి నేను మారుస్త. మార్చినప్పుడల్లా పొద్దటి కూత పోతది, చౌరస్తా దగ్గర ఇరుకులో బండి తిప్పుతుంటే చేతికి తేడా తెలుస్తది.

ముందు బానెట్ కింద స్టీరింగ్ ఆయిల్ ఉండే డబ్బా మూత తీసి తెల్లగుడ్డ మీద ఒక చుక్క వెయ్యండి. కొత్త ఆయిల్ ఎర్రగ ఉంటది. ముదురు గోధుమ రంగుకు వస్తే మార్చాలె. నల్లగ అయి మాడిన వాసన వస్తే ఇంక ఆగొద్దు. మన దిక్కు మే నెల ఎండల్లో బానెట్ కింద ఆ ఆయిల్ ఎంత ఉడుకుతదో మీకు తెలిసిందే. వేడికి ఆయిల్ మాడుతది, పైపుల లోపలి రబ్బరు సన్నగా రాలుతది, ఆయిల్‌ను రాక్‌కు తోసే పంపు అరిగిన పొడి కలుస్తది. ఇదంతా డబ్బా లోపలి జాలికి అడ్డం పడితే పంపుకు ఆయిల్ సరిగ్గ అందదు. మీరు చెప్పిన కూతకు ఇదొక కారణం కావచ్చు. గాలి చేరినా, ఆయిల్ తగ్గినా అదే మోత వస్తది.

ఇన్నోవాకు డెక్స్‌రాన్ 2 లేదా 3 రకం ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) పొయ్యాలె. రెండు లీటర్లు తెచ్చుకోండి. బ్రేక్ ఆయిల్ మాత్రం ఒక్క చుక్క కూడా పడొద్దు, లోపలి సీళ్లు ఉబ్బి ఖరాబైతయి. ఇంకో బండి ఉన్నోళ్లు ఇది చదివి అదే ఆయిల్ పోసుకోకండి, మీ బండి బుక్కులో ఏముందో చూడండి. వ్యాగన్ ఆర్, ఐ10 లాంటి వాటికి మోటారు స్టీరింగ్, వాటిల్లో ఆయిలే ఉండదు.

సిరంజితో డబ్బాలోది గుంజి కొత్తది పోసుడు సులువు. కానీ డబ్బాలో ఉండేది మొత్తంలో మూడో వంతు అనుకుంటే, ఒకసారి మారిస్తే రెండొంతులు పాతదే మిగులుతది. రెండు మూడు రోజులు బండి నడిపి మళ్లా మార్చి, అట్ల నాలుగుసార్లు చేస్తే దాదాపు 80 శాతం కొత్తది అయితది. ఆయిల్ గోధుమ రంగులో ఉంటే ఇది చాలు. నల్లగ ఉంటే రిటర్న్ పైపు, అంటే ఆయిల్ రాక్ నుంచి డబ్బాకు తిరిగొచ్చే పైపు తీసి మొత్తం కడగాలె.

దానికి బండిని చదును నేల మీద పెట్టి, హ్యాండ్ బ్రేక్ గుంజి, వెనక టైర్లకు కట్టెలు పెట్టి, ముందు రెండు టైర్లు గాల్లోకి లేపాలె. జాకీ ఒక్కదాని మీద ఉంచొద్దు, ఇనుప స్టాండ్లు పెట్టాలె. ఇటుకలు అస్సలు వద్దు, పగులుతయి. డబ్బాకు రెండు రబ్బరు పైపులు ఉంటయి. లావుది పంపుకు పోయేది, సన్నది రిటర్న్. ఆ సన్నదాని క్లిప్ జరిపి పైపు తీసి ఖాళీ సీసాలో పెట్టండి, డబ్బాకున్న ఆ రంధ్రానికి రబ్బరు బిరడా కొట్టండి. పంపు నుంచి రాక్‌కు పోయే ప్రెజర్ లైన్ జోలికి పోవద్దు. బెల్ట్ మీద పాత గుడ్డ కప్పండి, ఆయిల్ పడితే జారుతది.

ఇప్పుడు ఇంజన్ ఆఫ్‌లోనే ఉంచి, తాళం తిప్పి స్టీరింగ్ లాక్ మాత్రం తియ్యాలె. లోపలున్న మనిషి ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగ తిప్పుతుంటే పాతది సీసాలోకి వస్తది, మీరు పైనుంచి కొత్తది పోస్తుండాలె. డబ్బా ఎన్నడూ ఖాళీ కావొద్దు. ఈ పని మొత్తంలో ప్రాణం అదే. కొందరు ఇంజన్ స్టార్ట్ చేసి తొందరగ కానిస్తరు. పంపు చూస్తుండంగనే డబ్బా గుంజేస్తది, ఆయిల్ లేక తిరిగిన పంపు అరుగుతది. బాగయ్యే బండిని అట్ల పాడు చేసుకోవద్దు.

ఎర్రగ వచ్చినంక పైపు బిగించి, డబ్బా నింపి, ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండనే ఇరవై సార్ల దాకా అటూ ఇటూ తిప్పండి, గాలి బుడగలు పైకి వస్తయి. తర్వాత బండి న్యూట్రల్‌లో పెట్టి స్టార్ట్ చేసి మళ్లా మెల్లగ తిప్పండి. చివర దాకా తిప్పి ఐదు సెకన్ల కంటే ఎక్కువ పట్టి ఉంచొద్దు, అక్కడ ప్రెజర్ నిండుగ ఉండి ఆయిల్ కాగిపోతది. నురగ వచ్చి పాలలెక్క తెల్లగయితే గాలి ఉన్నట్టు. ఆపి గంట సేపు వదిలెయ్యండి. ఇంజన్ నడుస్తున్నప్పటి మట్టం గుర్తుపెట్టుకొని, ఆపినంక ఎంత లేస్తదో చూడండి. 5 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ లేస్తే ఇంకా గాలి ఉంది.

పాత ఆయిల్ మోరీలో పొయ్యకండి. క్యాన్‌లో పట్టి, కాలిన ఇంజన్ ఆయిల్ తీసుకునే గ్యారేజీలో ఇయ్యండి.

ఇక రాక్ సంగతి. ఆయిల్ మార్చి వారం నడిపి మట్టం చూడండి. తగ్గకుండ, కూత పోతే రాక్ మార్చే పని లేదు. మట్టం తగ్గుతుంటే రాక్ రెండు చివర్ల రబ్బరు బూట్లను ఒత్తి చూడండి. లోపల తడి ఉంటే సీళ్లు పోయినట్టు, అప్పుడు మీ మెకానిక్ చెప్పింది నిజమే. అట్లయినా కొత్త రాక్‌కు ఒప్పుకునే ముందు సీల్ కిట్ వేస్తే సరిపోతదా అని అడగండి. బూట్లు పొడిగ ఉండి, పైపుల జాయింట్ దగ్గర తడి కనబడితే అది పైపు ఖర్చే.