ఓటు లేని సభలో శాంతి పని: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

తమను ‘ఫ్రెండ్స్’ అని కూడా పిలుచుకునే క్రైస్తవ సమాజమైన క్వేకర్ల గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: క్వేకర్ల స్థానిక సంఘాల్లో శాంతికీ సామాజిక న్యాయానికీ ప్రత్యేకంగా ఒక కమిటీ ఉంటుందని విన్నాను. కొద్దిమంది సభ్యులున్న చిన్న సంఘం యుద్ధాల విషయంలో, అన్యాయాల విషయంలో చేయగలిగింది ఏముంటుంది?

జవాబు: క్వేకర్లు తమ స్థానిక సంఘాన్ని ‘మీటింగ్’ అంటారు. పాస్టర్లున్న శాఖలూ వారిలో ఉన్నాయి కానీ, పాస్టర్ లేకుండా మౌనంగా ఆరాధన జరుపుకునే మీటింగుల్లో పనులన్నీ సభ్యులే కమిటీలుగా ఏర్పడి చూసుకుంటారు. మీరు అడిగిన కమిటీ చేసే పనిలో ఎక్కువ భాగం పత్రికల దాకా రాదు. సైన్యంలో చేరడానికి మనస్సాక్షి ఒప్పుకోని యువకులకు చట్టం ఏం చెబుతుందో వివరించడం, శరణు కోరి వచ్చిన కుటుంబానికి నిలదొక్కుకునే వరకు తోడుండడం, జైల్లో ఉన్నవారిని క్రమం తప్పకుండా వెళ్లి పలకరించడం, చట్టసభల సభ్యులకు ఉత్తరాలు రాయడం వంటివి ఇందులో ఉంటాయి. ఏ మీటింగూ ఇవన్నీ చేయదు; తన సభ్యుల శక్తినీ అనుభవాన్నీ బట్టి ఒకటో రెండో చేపట్టి, వాటిని ఏళ్ల తరబడి కొనసాగిస్తుంది.

చిన్న సంఘం మాట పైదాకా వెళ్లే దారులు కూడా ఉన్నాయి. అమెరికాలో 1943లో ఏర్పడిన ‘ఫ్రెండ్స్ కమిటీ ఆన్ నేషనల్ లెజిస్లేషన్’ వాషింగ్టన్ నుంచి పనిచేస్తుంది. రెండేళ్లకోసారి ఎన్నికయ్యే కొత్త కాంగ్రెస్‌లో (అమెరికా చట్టసభలో) ఏ అంశాలపై ముందుగా కృషి చేయాలో ఆ సంస్థ దేశంలోని మీటింగులను అడిగి, వాటి సమాధానాల ఆధారంగా తన ప్రాధాన్యాలను నిర్ణయించుకుంటుంది. కొన్ని పనులకైతే స్థానికంగా వచ్చిన ఒక చిన్న విన్నపమే మూలం. 1975లో న్యూయార్క్ రాష్ట్రంలోని గ్రీన్ హేవెన్ జైలు ఖైదీలు కొందరు, యువకులను హింసకు దూరం చేయడానికి తాము చేస్తున్న ప్రయత్నంలో సహాయం చేయమని క్వేకర్లను కోరారు. ‘ఆల్టర్నేటివ్స్ టు వయొలెన్స్ ప్రాజెక్ట్’ అనే శిక్షణ కార్యక్రమం ఆ కోరికతోనే మొదలై, తరువాత అనేక దేశాలకు వ్యాపించింది. అందులో శిక్షణ పొందిన ఖైదీలు తామే శిక్షకులై తోటి ఖైదీలకు నేర్పుతారు. నాకు దీనిలో అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఈ అంశమే.

ప్రశ్న: వీరు ఓటు వేయకుండా నిర్ణయాలు తీసుకుంటారట. ఒక్కరు కాదన్నా పని ఆగిపోతుందా? అన్యాయం కళ్ల ముందే జరుగుతున్నప్పుడు ఇంత నిదానం తగునా?

జవాబు: వ్యవహారాల సభ కూడా మౌనంతోనే మొదలవుతుంది. ఒకరు మాట్లాడిన తరువాత ఆ మాట మనసుకు పట్టేంత వ్యవధి ఇచ్చి మరొకరు మాట్లాడతారు. క్లర్క్ అనే బాధ్యతలో ఉన్న సభ్యుడో సభ్యురాలో తమ అభిప్రాయాన్ని ముందుకు తోయకుండా, సభ ఎటు మొగ్గుతున్నదో గ్రహించి, దానిని తీర్మానంగా రాసి చదివి వినిపిస్తారు; సభ ఆమోదించిన తరువాతే అది నమోదవుతుంది. భిన్నాభిప్రాయం ఉన్నవారు ‘నాకు సమ్మతం కాదు, కానీ అడ్డుపడను’ అని పక్కకు తప్పుకోవచ్చు. అభ్యంతరం బలమైనదైతే విషయాన్ని వాయిదా వేస్తారు. అలాగని ప్రతి అభ్యంతరమూ పనిని ఆపేయదు. దానిలోని బరువెంతో సభ తూచి చూస్తుంది.

మీ రెండో ప్రశ్నకు క్వేకర్ల చరిత్రలోనే సమాధానం ఉంది, అది వారికి సుఖమైన సమాధానం కాదు. 1688లో పెన్సిల్వేనియాలోని జర్మన్‌టౌన్‌లో నలుగురు వ్యక్తులు, ఇతరులు మనపట్ల ఎలా ప్రవర్తించాలని కోరుకుంటామో మనమూ వారిపట్ల అలాగే ప్రవర్తించాలన్న సూత్రాన్ని ఆధారం చేసుకుని, బానిసత్వానికి వ్యతిరేకంగా ఒక నిరసన పత్రం రాసి తమ మీటింగుకు ఇచ్చారు. ఇది తమ స్థాయికి మించిన విషయమని ఆ మీటింగు దానిని, కొన్ని మీటింగులు మూడు నెలలకోసారి కలిసే త్రైమాసిక సభకు పంపగా, అది ఇంకా పెద్ద ప్రాంతానికి ఏడాదికోసారి జరిగే వార్షిక సభకు పంపింది. వార్షిక సభ దానిని పక్కన పెట్టింది. అప్పటికి క్వేకర్లలోనే బానిసలను ఉంచుకున్నవారు ఉన్నారు. బానిస యజమానులను సభల్లో నిలదీసిన బెంజమిన్ లే అనే పొట్టి మనిషిని 1738లో క్వేకర్ల సమాజం నుంచి వెలివేశారు. జాన్ వుల్‌మన్ అనే క్వేకరు మరో దారి పట్టి, యజమానుల ఇళ్లకే వెళ్లి వారితో ఓపికగా మాట్లాడాడు. ఆ ఇళ్లలో అతిథిగా ఉన్నప్పుడు తనకు సేవ చేసిన బానిసలకు కూలి చెల్లించాడు. 1758లో ఫిలడెల్ఫియా వార్షిక సభ బానిసల క్రయవిక్రయాలు చేసేవారిని సంఘ వ్యవహారాల నుంచి దూరం పెట్టింది. బానిసలను వదలని సభ్యులను తొలగించాలని నిర్ణయించింది మాత్రం 1776లో.

అంటే 88 ఏళ్లు. నిర్ణయం జరిగాక ఓడిపోయిన వర్గం మిగలలేదు కాబట్టి అది గట్టిగా నిలిచిందని కొందరు చెబుతారు, అందులో నిజం ఉంది. అయితే ఆ నిదానానికి మూల్యం చెల్లించింది సభలో కూర్చున్నవారు కాదు, ఆ 88 ఏళ్లలో బానిసలుగా పుట్టి బానిసలుగానే చనిపోయినవారు. ఈ పద్ధతిని మెచ్చుకునే ఎవరైనా ముందు ఈ సంగతికి సమాధానం చెప్పుకోవాలని నా అభిప్రాయం. మీటింగు పేరుతో మాట్లాడడానికే సభ ఆమోదం కావాలి. ఒక సభ్యురాలు తన పేరుతో, తన మనస్సాక్షి చెప్పినట్టు చేయడానికి ఎవరి ఆమోదం కోసమూ ఆగనక్కర లేదు. లే, వుల్‌మన్ ఇద్దరూ అలా ఆగనివారే.

ప్రశ్న: క్వేకరు సైన్యంలో చేరితే వెలివేస్తారా?

జవాబు: ఆయుధాలతో ఏ యుద్ధమూ చేయబోమని క్వేకర్లు 1661లో ఇంగ్లండ్ రాజు రెండవ చార్లెస్‌కు రాతపూర్వకంగా ప్రకటించారు, ఆ మాట నేటికీ వారికి ప్రమాణం. ఒకప్పుడు దానిని మీరినవారిని తొలగించేవారు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి చాలామంది అమెరికన్ క్వేకర్లు సైన్యంలో చేరారు, మీటింగులు ఎక్కువగా వారిని తమలోనే ఉంచుకున్నాయి.

ప్రశ్న: కూడలిలో ప్లకార్డు పట్టుకుని మౌనంగా నిలబడితే యుద్ధం ఆగుతుందా?

జవాబు: ఆగదు, ఆగుతుందని నిలబడేవారు కూడా అనుకోరు. ఈ యుద్ధానికి మా సమ్మతి లేదని ఇరుగుపొరుగుకు తెలియజేయడం దాని ఉద్దేశం. అలాంటి మాటకు విలువ వచ్చేది దాని వెనుక ఉన్న పనిని బట్టి. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత, నిన్నటి దాకా శత్రుదేశమైన జర్మనీలో ఆకలితో ఉన్న పిల్లలకు అన్నం పెట్టే బాధ్యతను 1917లో ఏర్పడిన ‘అమెరికన్ ఫ్రెండ్స్ సర్వీస్ కమిటీ’ తీసుకుంది. ఒక దశలో రోజుకు దాదాపు 10 లక్షల మంది పిల్లలు భోజనం చేశారు. 1947లో ఈ సంస్థకూ, లండన్‌లోని ‘ఫ్రెండ్స్ సర్వీస్ కౌన్సిల్’కూ కలిపి నోబెల్ శాంతి బహుమతి లభించింది.

ప్రశ్న: క్వేకరు కానివారు ఈ పనుల్లో పాల్గొనవచ్చా?

జవాబు: పాల్గొనవచ్చు. సభ్యత్వం లేకుండానే ఏళ్ల తరబడి ఆరాధనకు వచ్చేవారు ప్రతిచోటా ఉంటారు, చాలా మీటింగుల్లో వారు కమిటీల్లోనూ పనిచేస్తారు. మతం మారమని మిమ్మల్ని ఎవరూ ఒత్తిడి చేయరు. ముందు ఒకసారి వారి మౌన ఆరాధనలో కూర్చుని, అది ముగిశాక ఆ కమిటీ ఎప్పుడు కలుస్తుందో అడగండి.