గర్భం ఆరో వారంలో సెర్ట్రలీన్ ఆపేశాక కళ్లు తిరుగుతుంటే

ప్రెగ్నెన్సీ టెస్టు పాజిటివ్ వచ్చిన రోజే, గైనకాలజిస్టు అన్నీ ఆపేయమన్నారని, సెర్ట్రలీన్ 50 ఎంజీ (డిప్రెషన్, ఆందోళనలకు ఇచ్చే మాత్ర) ఆపేశానని రాశారు. ఈ నాలుగు రోజుల కళ్లు తిరగడం, తలలో కరెంటు షాక్ కొట్టినట్టు ఉండటం బహుశా దానివల్లే, అన్నీ వేవిళ్లే అనుకోకండి.

1. మందు రాసిచ్చిన సైకియాట్రిస్టుకు ఈరోజే ఫోన్ చేయండి. మళ్లీ మొదలుపెట్టాలా, ఎంత డోసు అన్నది వాళ్లే చెప్పాలి. మానేసినవి కలిపి రెండేసి వేసుకోవద్దు.

2. అందరూ వదిలేసేది ఇదే: గైనకాలజిస్టు "అన్నీ ఆపేయమ్మా" అన్న సంగతి సైకియాట్రిస్టుకు తెలియదు. మాత్రల అట్టలన్నీ, పేరూ ఎంజీ కనబడేలా, ఫొటో తీసి ఇద్దరికీ పంపి, ఒకసారి ఇద్దరినీ మాట్లాడించండి (మొహమాటపడకండి, ఇది రోజూ జరిగేదే). సెర్ట్రలీన్ గర్భిణులకు తరచుగా రాసే మందే. అదే రకం మందు పారోక్సెటిన్ అయితే మార్చాలేమో అడగాలి. వాల్ప్రోయేట్ (ఫిట్స్‌కు, బైపోలార్‌కు ఇచ్చే మందు) కూడా ఉంటే మాత్రం ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకుండా ఇద్దరికీ చెప్పండి.

3. ఫోలిక్ యాసిడ్ ఆపకండి.

బతకాలని లేదనిపిస్తే ఏ వేళైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.