ఆరు వేలలో కార్డ్‌లెస్ డ్రిల్లు: వోల్టుల కన్నా ముందు మీ గోడ చూడండి

ఆరు వేల రూపాయల్లో ఒక కార్డ్‌లెస్ డ్రిల్లు, దానితో కర్టెన్ రాడ్లు బిగించాలి, వంటింట్లో అరలు కట్టాలి, పిల్లలకు చదువుకునే బల్ల చేయాలి. 12 వోల్టులది కొనాలా, అదే ధరకు వస్తున్న 48 వోల్టులది కొనాలా అని అడిగారు. నా మాట వింటే ఆ పనుల్లోంచి కర్టెన్ రాడ్లను తీసేయండి. మిగతా వాటికి పేరున్న కంపెనీ 12 వోల్టుల డ్రిల్లు చాలు. చెక్క పని నా ఉద్యోగం కాదు, ఆదివారాల పిచ్చి. ఇందులో చాలామటుకు డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నదే.

నేను మొదట కొన్నదీ 48 వోల్టులదే. రెండు బ్యాటరీలు, ఇరవై నాలుగు బిట్లు (రంధ్రం వేసే పుల్లలు), పెట్టె చూస్తే కడుపు నిండిపోయింది. బిట్లు మూడో రంధ్రానికే మొండిబారాయి, అది వేరే సంగతి. ఒకరోజు నిండా ఛార్జయిన బ్యాటరీకి మల్టీమీటర్ పెట్టి చూస్తే 20.6 చూపించింది. మీటరే పాడైందనుకుని బ్యాటరీ విప్పాను (మీరు ఆ పని చేయకండి, స్క్రూడ్రైవర్ జారితే షార్టే). లోపల ఉన్నవి ఐదు సెల్లులు. లిథియం అయాన్ సెల్ ఒక్కొక్కటి 3.6 వోల్టులు, నిండా ఛార్జయితే 4.2. ఐదింటిని వరుసగా కలిపితే 18, నిండుగా ఉన్నప్పుడు 21. ఒక కంపెనీ 18 అని, ఇంకొకటి 20 అని, చవక రకాలవాళ్లు 21 అని రాసేది ఈ ఐదు సెల్లుల గురించే. నిజంగా 48 వోల్టులు రావాలంటే పదమూడు, పధ్నాలుగు సెల్లులు పట్టాలి. ఆ పిడి కింద అంత చోటేది?

అందుకని పెట్టె మీది వోల్టులను పక్కన పెట్టి, అసలు వోల్టులను ఆంపియర్ అవర్లతో (బ్యాటరీ మీద Ah అని ఉండే అంకె) గుణించి చూడండి. బ్యాటరీలో ఎంత శక్తి పడుతుందో వాట్ అవర్లలో తెలుస్తుంది. మూడు సెల్లుల 12 వోల్టుల రకం నిజానికి 10.8, 2 ఆంపియర్ అవర్లయితే 21.6 వాట్ అవర్లు. నా ‘48 వోల్టుల’ బ్యాటరీ 1.5 ఆంపియర్ అవర్లది, అంటే 27. అదీ ముద్రించిన అంకె నిజమైతే.

ఇక గోడ. కర్టెన్ రాడ్ ఎక్కడ బిగిస్తాం? కిటికీ పైన. అక్కడ చాలా ఇళ్లలో ఉండేది ఇటుక కాదు, లింటెల్, అంటే ఇనుప చువ్వలు వేసి పోసిన కాంక్రీటు. మా పాత ఫ్లాట్‌లో నా డ్రిల్లు ప్లాస్టరింగ్‌లోకి వెన్నలోకి దిగినట్టు దిగింది. వేలి గోరంత లోతు పోయాక ఆగిపోయింది. కీచుమని అరుపు, పొగ వాసన, బయటికి తీస్తే బిట్టు కొస నీలంగా మారి ఉంది. మా ఆవిడ స్టూలు పట్టుకుని ‘ఎలక్ట్రీషియన్‌ని పిలుద్దామా?’ అని మూడుసార్లు అడిగింది. నాలుగోసారి పిలిచాం. అతను తెచ్చిన రోటరీ హామర్‌తో నాలుగు రంధ్రాలు ఐదు నిమిషాల్లో అయిపోయాయి.

కిటుకు హామర్ పద్ధతిలో ఉంది. మామూలు డ్రిల్లులో ‘హామర్’ అంటే పళ్లున్న రెండు చక్రాలు ఒకదాని మీద ఒకటి ఎగిరిపడటమే. మనం ఒళ్లంతా వేసి నొక్కితే గానీ దెబ్బ పడదు. రోటరీ హామర్ లోపల గాలి ఒత్తిడితో పిస్టన్ కొడుతుంది, మనం ఊరికే పట్టుకుంటే చాలు. మీది ఈమధ్య కట్టిన పెద్ద అపార్ట్‌మెంట్ అయితే ఇంకో చిక్కు: మైవాన్ పద్ధతిలో అల్యూమినియం షట్టరింగ్ పెట్టి కట్టిన ఇళ్లలో గోడలన్నీ కాంక్రీటే. అలాంటి ఇంట్లో చవక కార్డ్‌లెస్‌తో గోడ జోలికి పోవద్దు. గోడ పనికి రోటరీ హామర్ అద్దెకు తెచ్చుకోండి, లేదా వైరున్నదే కొనుక్కోండి. ఏడాదికి నాలుగు రంధ్రాలకు వైరు బరువేమీ కాదు.

చెక్క పనిలో మాత్రం కార్డ్‌లెస్ సుఖమే వేరు. ముఖ్యంగా చక్ (బిట్టును పట్టుకునే మూతి) వెనక అంకెలున్న రింగు, క్లచ్. పెట్టిన అంకెకు తగ్గ బిగువు రాగానే అది స్క్రూను తిప్పడం ఆపేస్తుంది. ప్లైవుడ్‌లో స్క్రూ బిగించేటప్పుడు నాలుగు, ఐదు దగ్గర మొదలుపెట్టి, స్క్రూ తల చెక్కతో సమానమయ్యేదాకా ఒక్కో అంకె పెంచుకుంటూ పోండి. పార్టికల్ బోర్డులో తొందరపడితే రంధ్రం వదులైపోతుంది. మా వంటింటి తలుపు కీలు అలాగే ఊడింది. రెండు అగ్గిపుల్లలకు ఫెవికాల్ రాసి రంధ్రంలో దూర్చి, ఆరాక మళ్లీ బిగిస్తే ఇప్పటికీ కదల్లేదు.

కొనేముందు బ్యాటరీ ఒక్కటీ విడిగా దొరుకుతుందో లేదో, ఎంతో కనుక్కోండి. నా మొదటి డ్రిల్లు మోటారు బాగానే ఉంది, బ్యాటరీలే పోయాయి, అలాంటివి మళ్లీ దొరకలేదు. తప్పు నాది కూడా: ఎండాకాలమంతా నిండా ఛార్జ్ చేసి బాల్కనీ పెట్టెలో ఉంచాను. సగం ఛార్జ్‌తో నీడపట్టున ఉంచాలని తర్వాత తెలిసింది. ఒకే కంపెనీ పేరున్నా అన్నీ కలుస్తాయనుకోకండి. బాష్ 18 వోల్టుల్లోనే నీలం రంగు సామాను బ్యాటరీ ఆకుపచ్చ రంగు వాటికి పట్టదు.

ఒక చిన్న పని చేసి చెప్పండి. కిటికీ పైన కాకుండా, మామూలు గోడకు ఓ మూల చిన్న రంధ్రం వేయించి, ప్లాస్టరింగ్ దాటాక రాలే పొడి చూడండి. ఎర్రగా ఉంటే మట్టి ఇటుక. తెల్లగా, మెత్తగా ఉంటే తేలిక బ్లాకు, దానికి హామర్ ఆపేసి మామూలుగా తిప్పితే చాలు. బూడిద రంగులో ఉండి, బిట్టు సులువుగా దిగితే సిమెంటు ఇటుక, మొరాయిస్తే కాంక్రీటు. ఏది వచ్చిందో రాస్తే, ఏ బిట్టు, స్క్రూ పట్టుకోవడానికి రంధ్రంలో దూర్చే ప్లగ్గు ఏది కొనాలో చెబుతాను.