గేమ్‌లో కెరీర్ కోసం కొడుకు కట్టిన డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా రాయదుర్గం. జీన్స్ ప్యాంట్లు కుట్టించే చిన్న యూనిట్ ఉంది. మా అబ్బాయికి 15 ఏళ్లు. నా ఫోన్‌లో ఒక ఫ్రీ క్రికెట్ గేమ్ వేసుకుని కెరీర్ మోడ్ ఆడుతున్నాడు. జిల్లా టీమ్‌లో మొదలుపెట్టి ఇండియా టీమ్ దాకా ఎదగాలట. అందులో కాయిన్ల కోసం ఐదు వారాల్లో నా యూపీఐ నుంచి రూ.21,300 కట్టాడు. సరుకులు తెస్తాడని పిన్ నేనే చెప్పాను. కంపెనీకి మెయిల్ పెడితే రీఫండ్ కుదరదన్నారు. ‘ఎవరో కాజేశారని బ్యాంకులో రాసివ్వు’ అని తెలిసినాయన అంటున్నాడు. ఆన్‌లైన్ గేమ్‌లను నిషేధించారు కదా, ఆ చట్టం కింద కేసు పెట్టొచ్చా?

జవాబు: ముందు ఆ బ్యాంకు సలహా మానుకోండి. పిన్ మీరే చెప్పారు, కొట్టింది మీ అబ్బాయి. ఖాతాదారుడే పిన్ ఇతరులకు చెప్పి పోగొట్టుకుంటే, బ్యాంకుకు తెలిపేదాకా జరిగిన నష్టం ఖాతాదారుడిదేనని 2017 జూలై 6 నాటి సర్క్యులర్‌లోనే రిజర్వు బ్యాంకు చెప్పింది. పైగా అబద్ధం రాసిచ్చారని తేలితే, మీకున్న న్యాయమైన కేసు కూడా చెడిపోతుంది.

నిషేధం సంగతి. 2025లో పార్లమెంటు చేసిన చట్టం నిషేధించింది, డబ్బు గెలుస్తామన్న ఆశతో డబ్బు కట్టి ఆడే ఆటలను. మీ వాడు కట్టింది కాయిన్లకు, అంటే వాటితో ఆటలో కొనే బ్యాటుకు, ఎనర్జీకి. తిరిగి పైసా రాదు. కాబట్టి ఆ చట్టం ఇక్కడ పనికిరాదు.

మీకు పనికొచ్చేది వినియోగదారుల చట్టం. అది అర్థం కావాలంటే కెరీర్ మోడ్‌లో వ్యాపారం ఎలా నడుస్తుందో చూడాలి. మునుపు పరుగులు కొడితే పాయింట్లు, పాయింట్లతో ఆటగాడి నైపుణ్యం పెరిగేది. ఇప్పుడు చాలా గేమ్‌లలో ఆ దారికి అడ్డంగా కాయిన్లు పెట్టారు. ఆడి సంపాదించాలంటే వారాలు పడుతుంది, కొంటే నిమిషం చాలు. ఉచిత దారి ఎంత నత్తనడక నడిస్తే కాయిన్లు అంత అమ్ముడుపోతాయి. డబ్బు పెట్టి కొనే గేమ్‌లలోనూ ఇదే. 2017లో ఎన్‌బీఏ 2కే18 అనే బాస్కెట్‌బాల్ గేమ్‌లో ఆటగాడి నైపుణ్యానికీ, హెయిర్‌కట్‌కీ ఒకే వర్చువల్ కరెన్సీ ఖర్చయ్యేది. జనం గట్టిగా గొడవ చేశాక కంపెనీ కొన్ని ధరలు తగ్గించింది.

మన దగ్గర 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్‌ల మీద, అంటే యాప్‌లలో జనాన్ని మభ్యపెట్టి కొనిపించే ఎత్తుల మీద, వినియోగదారుల చట్టం కింద మార్గదర్శకాలు వచ్చాయి. ఫ్రీ అని ప్రచారం చేసి, ఆట కొనసాగాలంటే యాప్‌లో కొనాల్సిందేనన్న సంగతి ముందు సరిగా చెప్పకపోతే అది ‘డ్రిప్ ప్రైసింగ్’. ఉదాహరణగా ఇచ్చింది కూడా ఒక గేమే: ఉచిత చదరంగం అని డౌన్‌లోడ్ చేయించి, ఏడు రోజుల తర్వాత డబ్బు అడిగే యాప్. ‘ఇంకా పది నిమిషాలే ఆఫర్’ అంటూ అదే ఆఫర్ రోజూ చూపిస్తుంటే, అదీ తప్పే.

కాబట్టి మీ అబ్బాయిని కూర్చోబెట్టి ఒక్కటే అడగండి: కాయిన్లు కొనకపోతే కెరీర్ ఆగిపోతుందా, నెమ్మదిస్తుందా? ఫలానా మ్యాచ్ దగ్గర ఆగిపోతే, ఆ సంగతి డౌన్‌లోడ్ పేజీలో లేకపోతే, మీ కేసు బలమైనది. నెమ్మదించడమే అయితే గెలవడం కష్టం. ఈ మాట ఇప్పుడే చెప్పడం నా ధర్మం.

రెండో ఆధారం వయసు. 1872 కాంట్రాక్టు చట్టం 11వ సెక్షన్ ప్రకారం మైనరుకు ఒప్పందం చేసుకునే అర్హత లేదు. అలాంటి ఒప్పందం మొదటినుంచే చెల్లదని 1903లోనే ప్రీవీ కౌన్సిల్ (బ్రిటిష్ పాలనలో మనకు చివరి అప్పీలు కోర్టు) తేల్చింది. అయితే అకౌంటు మీ పేరున ఉంది కాబట్టి కొన్నది మీరేనని కంపెనీ వాదిస్తుంది. వాడేసిన కాయిన్ల డబ్బు రాబట్టడం కష్టం. వాడకుండా మిగిలినవాటిపై గట్టిగా అడగొచ్చు. అందుకే కోపంలో గేమ్ తీసేయకండి. కాయిన్ల బ్యాలెన్సు, ఆఫర్ల స్క్రీన్‌షాట్లు, యూపీఐ స్టేట్‌మెంట్, కంపెనీ మెయిల్, అబ్బాయి పుట్టిన తేదీ రుజువు ఒకచోట పెట్టండి. మీరు యూనిట్‌లో ఉన్న వేళల్లో జరిగిన చెల్లింపులు విడిగా గుర్తుపెట్టండి, కొన్నది మీరేనన్న వాదనకు అవే జవాబు.

గూగుల్ ప్లే మామూలుగా 48 గంటల్లోపు రీఫండ్ అడగమంటుంది. గడువు దాటినా మైనరు కొన్నాడని ఒకసారి రాయండి. తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు చేయండి. అక్కడా తేలకపోతే అనంతపురంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. కంపెనీ ఎక్కడున్నా మీరుండే చోట కేసు వేసే హక్కు 2019 వినియోగదారుల చట్టం 34వ సెక్షన్ ఇచ్చింది. గడువు రెండేళ్లు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. కంపెనీ షరతుల్లో ఆర్బిట్రేషన్ (తగాదాను కోర్టులో కాక మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలి) అని రాసి ఉన్నా అది కమిషన్‌కు వెళ్లడానికి అడ్డం కాదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది.

యూపీఐ పిన్ ఈ రోజే మార్చండి. అబ్బాయిని మాత్రం కొట్టకండి. ఏ మ్యాచ్ దగ్గర ఏ ఆఫర్ వచ్చిందో, ఎప్పుడు ఎందుకు కొన్నాడో తేదీలవారీగా వాడితోనే రాయించండి. మీ కేసులో ముఖ్యమైన సాక్షి వాడే, భయపడితే సగం దాచేస్తాడు.