నిచ్చెన ఎందుకు జారుతుందో మీ అమ్మాయినే అడగండి

ప్రశ్న: నేను నర్సంపేటలో ఇళ్లు కట్టే మేస్త్రీని. పదో తరగతితో చదువు ఆపేశాను. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివిన మా పెద్దమ్మాయి హనుమకొండలో సివిల్ ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం చదివింది. అన్నీ పాసై, ఇంజనీరింగ్ మెకానిక్స్ ఒక్కటే తప్పింది. ‘ఈ సబ్జెక్టు నాకు ఎక్కదు నాన్నా, కంప్యూటర్ సైన్స్‌కు మారతాను, కుదరకపోతే మళ్లీ ఈఏపీసెట్ రాస్తాను’ అంటోంది. సివిల్ తీసుకోమన్నది నేనే. నేను కట్టే ఇళ్ల ప్లాన్ల మీద ఒకరోజు ఆమె సంతకం ఉండాలని ఆశపడ్డాను. తప్పు చేశానా? జవాబు పత్రం ఫొటోలు పంపుతున్నాను.

జవాబు: మేస్త్రీ గారూ, ఆ జవాబు పత్రాన్ని రెండుసార్లు చదివాను. పాలిటెక్నిక్‌లో చాలా ఏళ్లు ఇదే సబ్జెక్టు చెప్పినవాణ్ణి కాబట్టి విద్యార్థి ఎక్కడ తడబడ్డాడో కాగితం చూడగానే కొంత తెలుస్తుంది. మీ అమ్మాయికి లెక్కలు రావన్న అనుమానం పెట్టుకోకండి. రెండు చోట్ల మూడు సమీకరణాలను కలిపి తప్పులేకుండా సాధించింది. అయితే అవి ఆ ప్రశ్నకు చెందిన సమీకరణాలు కావు. ఆరు ప్రశ్నలకు జవాబులు రాస్తే ఒక్కదానికే బొమ్మ ఉంది, అందులోనూ సగం బాణాలు లేవు.

పరీక్షలో వచ్చిన నిచ్చెన లెక్కనే తీసుకుందాం. గోడ నునుపుగా ఉందని ప్రశ్నలోనే ఇచ్చారు. అంటే నిచ్చెనను గోడ అడ్డంగా నెట్టగలదే తప్ప, జారకుండా పట్టుకోలేదు. మీ అమ్మాయి మాత్రం గోడ దగ్గర కూడా ఘర్షణ రాసింది. బొమ్మ గీసి, ఈ నిచ్చెనను ఎవరెవరు ముట్టుకుంటున్నారు, ఒక్కొక్కరు ఎటు నెడుతున్నారు అని వేలు పెట్టి చూసుకుని ఉంటే ఆ తప్పు జరిగేది కాదు. దీన్నే ఫ్రీ బాడీ డయాగ్రమ్ అంటారు, తెలుగు పుస్తకాల్లో స్వేచ్ఛా వస్తు పటం అని ఉంటుంది. వస్తువును చుట్టూ ఉన్నవాటి నుంచి విడదీసి ఒంటరిగా గీయాలి. తీసేసిన ప్రతిదాని స్థానంలో అది చూపే బలాన్ని బాణంగా పెట్టాలి. ఈ సబ్జెక్టులో అసలు పని ఇక్కడే ఉంది, తర్వాత మిగిలేది పదో తరగతి బీజగణితమే.

ఇప్పుడు మీ పని సంగతి. నిచ్చెన నాలుగు మీటర్ల ఎత్తుకు ఆనితే పాదం గోడకు ఒక మీటరు దూరంలో ఉండేలా మీరు అలవాటుగా పెట్టిస్తారు. కుర్రవాడు పైకి ఎక్కేటప్పుడు కింద ఇంకొకరిని మొదటి మెట్టు మీద నిలబెడతారు. ఎందుకని మీ అమ్మాయిని అడగండి. ఆమెకు తోచకపోతే ఇద్దరూ కలిసి లెక్క వేయండి. నిచ్చెన బరువు 20 కిలోలు, మనిషి 60 కిలోలు అనుకోండి. (పరీక్షలో వీటిని 9.81తో హెచ్చించి న్యూటన్లలో రాయాలి, ఇక్కడ కిలోలతోనే నడిపిద్దాం.) పాదం చుట్టూ భ్రామకాలు (బలాన్ని దాని దూరంతో హెచ్చిస్తే వచ్చే తిప్పే ప్రభావం) చూస్తే, నిచ్చెన బరువు అర మీటరు దూరంలో పడుతుంది, గోడ నెట్టుడు నాలుగు మీటర్ల ఎత్తులో ఉంటుంది. మనిషి ఇంకా కిందే ఉంటే గోడ రెండున్నర కిలోలు నెడితే చాలు. అదే మనిషి కొస వరకు ఎక్కితే, 20ని అరతో, 60ని ఒకటితో హెచ్చించి కలపగా వచ్చిన 70ని నాలుగుతో భాగించాలి. అంటే 17.5 కిలోలు. గోడ ఎంత నెడితే, పాదం దగ్గర నేల అంత ఘర్షణతో పట్టుకోవాలి. ఎక్కేకొద్దీ ఆ అవసరం ఏడింతలైంది. నిచ్చెన సగంలో జారకుండా పైకి వెళ్లాక జారడానికి కారణం ఇదే.

పాదాన్ని రెండు మీటర్ల దూరానికి లాగితే పై కొస కూడా కాస్త దిగుతుంది, అదే అవసరం దాదాపు 39 కిలోలు అవుతుంది. నేల ఘర్షణ గుణకం (బరువులో ఎంత వంతు ఘర్షణగా అందుతుందో చెప్పే సంఖ్య) 0.4 అనుకుంటే, మొత్తం బరువు 80 కిలోలకు నేల ఇవ్వగలిగేది 32 మాత్రమే. జారిపోతుంది. కింది మెట్టు మీద 50 కిలోల కుర్రవాడు నిలబడ్డాడనుకోండి. అతను పాదానికి ఆనుకునే ఉన్నాడు కాబట్టి అతని భ్రామకం దాదాపు సున్నా, గోడ నెట్టుడును పెంచడు. నేల మీద మాత్రం బరువు 130 అవుతుంది, ఘర్షణ 52 వరకు అందుతుంది. నిచ్చెన నిలుస్తుంది. మీరు ఇన్నేళ్లుగా చేయిస్తున్న పనికి లెక్క ఇది. మీ అమ్మాయి తప్పిన ప్రశ్న కూడా ఇదే.

అందుకే ఆమెకు ట్యూషన్ పెట్టించే ముందు ఒక పది రోజులు సైటుకు తీసుకెళ్లండి. పని నేర్పడానికి కాదు. ఒక చిన్న నోటుపుస్తకం చేతిలో పెట్టి, రోజుకు ఒక వస్తువును ఎంచుకుని దాని బొమ్మ గీయమనండి. మూడు మీటర్ల వెదురుబొంగుకు 90 కిలోల రాయి వేలాడదీసి ఇద్దరు మోస్తున్నారు, రాయి ముందు మనిషికి మీటరు దూరంలో ఉంది. ఎవరి భుజం మీద ఎంత? ముందున్న మనిషికి 60, వెనకున్న మనిషికి 30. బలంగా ఉన్నవాణ్ణి మీరు ఎటు నిలబెడతారో ఆమెకు చూపించండి. పరీక్షలో బీము ఆధారాల ప్రతిచర్యలు కనుక్కోమని వచ్చే లెక్క అచ్చంగా ఇదే. అడ్డం బలాల మొత్తం సున్నా, నిలువు బలాల మొత్తం సున్నా, ఏదో ఒక బిందువు చుట్టూ భ్రామకాల మొత్తం సున్నా. ఒకే తలంలో ఉన్న వస్తువు సమతాస్థితికి ఈ మూడే షరతులు, నాలుగోది లేదు. నాలుగు తెలియని రాశులు కనిపిస్తే బొమ్మలో ఏదో పొరపాటు ఉందని, లేదా వస్తువును ఇంకా విడదీయాలని అర్థం. గడ్డపారతో రాయి లేపేటప్పుడు, గిలకతో మాలు పైకి లాగేటప్పుడు ఇదే పద్ధతి.

సెంట్రింగ్ కర్రను పడుకోబెట్టకుండా అంచు మీద ఎందుకు నిలబెడతారో కూడా అడగండి. 200 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల మందం ఉన్న కర్రను నిలబెడితే వంగకుండా నిలిచే గుణం, పడుకోబెట్టినప్పటి కంటే 16 రెట్లు. ఆమె పుస్తకంలో జడత్వ భ్రామకం అనే అధ్యాయం ఉంటుంది. పిల్లలు దాన్ని సూత్రాల పట్టికలా బట్టీ పడతారు. దాని అసలు మాట ఇదే.

వచ్చే సంవత్సరం ఆమెకు స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ ఉంటుంది. అక్కడ ప్రతిబలం, వికృతి వస్తాయి. బలాన్ని అది పడే వైశాల్యంతో భాగిస్తే ప్రతిబలం, సాగిన పొడవును మొదటి పొడవుతో భాగిస్తే వికృతి. ఇవి కూడా మీ సైటులోనే ఉన్నాయి. మీరు రాడ్డు బరువు కట్టేటప్పుడు వ్యాసాన్ని దానితోనే హెచ్చించి 162తో భాగిస్తారు కదా. 12 మిల్లీమీటర్ల రాడ్డుకు మీటరుకు 0.89 కిలోలు వస్తుంది. ఆ 162 ఎక్కడిదో ఆమెను కనుక్కోమనండి. రాడ్డు అడ్డకోత వైశాల్యాన్ని ఘనమీటరుకు 7,850 కిలోల ఉక్కు సాంద్రతతో హెచ్చిస్తే అదే సంఖ్య బయటపడుతుంది. ఆ రాడ్డు అడ్డకోత 113 చదరపు మిల్లీమీటర్లు. మీరు వాడే ఎఫ్ఈ 500 రకంలో 500 అంటే చదరపు మిల్లీమీటరుకు 500 న్యూటన్ల వరకు లాగినా శాశ్వతంగా సాగిపోదని అర్థం. హెచ్చిస్తే ఒక్క రాడ్డు ఐదున్నర టన్నులకు పైగా ఓర్చుకుంటుంది. చదరపు మిల్లీమీటరుకు 200 న్యూటన్లతో లాగితే 12 మీటర్ల పూర్తి రాడ్డు 12 మిల్లీమీటర్లు సాగి, వదలగానే తిరిగి మొదటి పొడవుకు వస్తుంది. బలం ఎంతో సాగుదల అంత అని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించిన నియమం ఇదే.

ఇక ఒక్క ఉదాహరణ కాస్త వివరంగా చెబుతాను, ఇది ప్రాణాలతో ముడిపడిన విషయం. స్లాబులో, బీములో ముఖ్యమైన రాడ్లు కింద కడతారు. కిటికీ మీది సన్‌షేడ్‌కు మాత్రం పైన కడతారు. రెండు చివర్లా ఆనుకున్న బీము మధ్యలో కిందికి వంగుతుంది, కింది పొర సాగుతుంది, పై పొర నలుగుతుంది. సన్‌షేడ్‌కు ఒకవైపే ఆధారం, కొస కిందికి వాలుతుంది కాబట్టి పై పొర సాగుతుంది. కాంక్రీటు నొక్కుడుకు ఎంత గట్టిదో లాగుడుకు అందులో పదో వంతు మాత్రమే. అందుకే సాగే పొర ఎటుంటే ఉక్కు అటుండాలి. కాంక్రీటు పోసేటప్పుడు కూలీలు ఆ జాలీ మీద నడిచి రాడ్లను కిందికి తొక్కేస్తే, పైకి చూడటానికి అంతా బాగానే ఉంటుంది. సెంట్రింగ్ విప్పాక అది ఏరోజైనా విరిగి పడవచ్చు. మీరు అనుభవంతో అరిచి ఆపుతారు. మీ అమ్మాయి కాగితం మీద చూసి, మీరు లేని సైటులో కూడా ఆపగలదు. ఆ ఒక్క సబ్జెక్టు దాటకుండా ఆమె అక్కడికి చేరలేదు. స్ట్రక్చరల్ అనాలిసిస్, కాంక్రీటు డిజైన్, నేలల మెకానిక్స్ అన్నీ దీని మీదే నిలబడి ఉన్నాయి.

ఆమె హనుమకొండలోనే ఉంది కాబట్టి ఒక సాయంత్రం వేయి స్తంభాల గుడికి వెళ్లి స్తంభాల మధ్య దూరాలు అడుగులతో కొలవమనండి. 1163లో కట్టినవారికి రాతి దూలాలే ఉన్నాయి, రాయి కూడా కాంక్రీటులాగే లాగుడుకు ఓర్వదు. దూలం మీద సమంగా బరువు పరుచుకున్నప్పుడు పొడవు రెట్టింపైతే మధ్యలో వంచే భ్రామకం నాలుగింతలవుతుంది. స్తంభాలు అంత దగ్గరగా ఎందుకు నిలిపారో ఆ లెక్కతో చూస్తే కళ్ల ముందే తెలుస్తుంది.

మీరు అడిగిన అసలు మాటకు వస్తాను. తప్పు చేశారా? సివిల్ తీసుకోమని చెప్పడం తప్పు కాదు, ఆమెకు ఏది ఇష్టమో అడగకుండా చెప్పి ఉంటే మాత్రం ఇప్పుడైనా అడగాలి. ‘సాధించలేను’, ‘ఇష్టం లేదు’ అనేవి వేర్వేరు మాటలు. తప్పిన వారంలో పిల్లలకు ఆ రెండూ ఒకటిగానే వినిపిస్తాయి. ఒక్క ప్రశ్న అడగండి: ‘ఈ సబ్జెక్టు పాసై ఉంటే కూడా కంప్యూటర్ సైన్స్‌కు వెళ్లాలనుకునేదానివా?’ అవునని వెంటనే చెబితే, ఇంటర్ నుంచే ప్రోగ్రాములు రాయడం మీద మనసుందని తెలిస్తే, ఆమె మాట వినండి. మీ సంతకం ఆశను ఆమె నెత్తిన పెట్టకండి. తటపటాయిస్తే, ఇది భయం మాత్రమే.

అలాంటప్పుడు ఒక్క సబ్జెక్టు కోసం ఏడాది పోగొట్టుకుని మళ్లీ ప్రవేశ పరీక్ష రాయడాన్ని నేను సమర్థించను. శాఖ మార్పుకు అవకాశం ఇచ్చే కాలేజీలు కూడా సాధారణంగా మొదటి సంవత్సరం మార్కులనే చూస్తాయి, తప్పిన సబ్జెక్టుతో అది కష్టం. సప్లిమెంటరీ రాసి పాసవడమే దగ్గరి దారి. రెండో సంవత్సరానికి వెళ్లడానికి ఎన్ని క్రెడిట్లు (పాసైన సబ్జెక్టులకు ఇచ్చే పాయింట్లు) కావాలో కాలేజీ పరీక్షల విభాగంలో ఈ వారమే రాతపూర్వకంగా తెలుసుకోండి.

ఉద్యోగాల గురించి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. సివిల్‌లో మొదటి జీతాలు చాలాసార్లు సాఫ్ట్‌వేర్ కంటే తక్కువ. సైటు ఉద్యోగం ఎండలో ఉంటుంది. అయితే టీజీపీఎస్సీ అసిస్టెంట్ ఇంజనీరు పోస్టులకు, కేంద్రంలో ఎస్సెస్సీ, రైల్వే జూనియర్ ఇంజనీరు పోస్టులకు, గేట్ పరీక్షకు సివిల్ వాళ్లు పోటీ పడవచ్చు. వీటన్నిటిలో మెకానిక్స్, పదార్థాల బలం ప్రశ్నలుంటాయి. గేట్‌లో మంచి ర్యాంకు వస్తే మన వరంగల్ ఎన్ఐటీలోనే స్ట్రక్చర్స్‌లో ఎం.టెక్ చేయవచ్చు. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కాలేజీగా మొదలైన సంస్థ అది, మీ ఊరి నుంచి బస్సులో వెళ్లి రాగల దూరం. అమ్మాయి సైటులో ఎలా నెగ్గుకొస్తుందని మీ మనసులో ఉంటే, డిజైన్ కార్యాలయాలు, నాణ్యత పరీక్షల ల్యాబులు, బోధన కూడా ఈ శాఖలోవేనని గుర్తుంచుకోండి. అయినా మేస్త్రీ కూతురికి సైటు కొత్త కాదు.

చదువు విషయంలో ఇంకొక్క మాట. ఆమె పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివిందని రాశారు. చాలామంది పిల్లలు ఇంగ్లిషు వాక్యం అర్థంకాక లెక్క అర్థం కాలేదనుకుంటారు. తెలుగు అకాడమీ ఇంటర్ మొదటి సంవత్సరం భౌతికశాస్త్రంలో గమన నియమాలు, భ్రమణ గమనం, ఘనపదార్థాల యాంత్రిక ధర్మాలు అనే అధ్యాయాలు తెలుగులో ఉన్నాయి. ముందు అవి చదివి, తర్వాత ఇంగ్లిషు పుస్తకం తెరవమనండి. ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి, అయితే చూస్తూ కూర్చుంటే రాదు, కలం కదలాలి. పాత ప్రశ్నపత్రాల్లో బీము ప్రతిచర్యలు, నిచ్చెన, ట్రస్ (కడ్డీలను త్రికోణాలుగా కలిపిన చట్రం), గురుత్వ కేంద్రం, జడత్వ భ్రామకం, ఈ ఐదు రకాలు చేతికి వస్తే పాస్ మార్కులు దాటడం కష్టం కాదు. ట్రస్ ఆమెకు కొరుకుడు పడకపోతే ఏదైనా రేకుల షెడ్డు కింద నిలబెట్టి, ఒక్కొక్క జాయింటును విడదీసి గీయమనండి.

పది రోజుల తర్వాత ఆ నోటుపుస్తకంలోని బొమ్మలు ఫొటో తీసి పంపండి. సమీకరణాలు అక్కరలేదు, బాణాలు గీసిన బొమ్మలు మాత్రం చాలు. లేని బాణం ఎక్కడుందో, ఉండకూడనిది ఎక్కడుందో ఎర్ర సిరాతో దిద్ది తిరిగి పంపుతాను.